కోల్డ్ ఫ్రేమ్ నుంచి వల నారుమడి దాకా: నిర్మాణం, పదౌచిత్యం

1. ప్రస్తావన
శీతల దేశాల పెరటి తోటల్లో లేత మొక్కలను చలి నుంచి కాపాడే అద్దపు మూత పెట్టెను ‘కోల్డ్ ఫ్రేమ్’ అంటారు. దీనిని ‘శీతల చట్రం’ అని మక్కికి మక్కి అనువదిస్తే మొక్కలను చల్లబరిచే సాధనమనే అపార్థం కలుగుతుంది. నిజానికి దాని పని వెచ్చదనాన్ని నిలపడం. ఈ సాధనాన్ని వరంగల్ వాతావరణానికి అన్వయించే తీరును, దానికి తగిన తెలుగు పేరును వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నిర్మాణ సూత్రం
అడుగు లేని చెక్క పెట్టెను నేలపై ఉంచి, అద్దం లేదా పారదర్శకమైన పాలిథిన్ బిగించిన మూతను పైన అమరుస్తారు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు గోడను ఎత్తుగా, దక్షిణం వైపు గోడను పొట్టిగా కట్టడం వల్ల మూత సూర్యునికి అభిముఖంగా వాలి ఉంటుంది. పగటి ఎండకు వేడెక్కిన మట్టి రాత్రివేళ ఆ వేడిని నెమ్మదిగా వదులుతుంది. ఎండ హెచ్చినప్పుడు మూతను కొద్దిగా ఎత్తి ఉంచకపోతే నారు ఉడికిపోతుంది.

3. వరంగల్‌కు అన్వయం
వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడి ముఖ్య వాణిజ్య పంటల్లో ఒకటైన మిరపకు వానాకాలంలో నారు పోస్తారు. అప్పుడు నారును దెబ్బతీసేవి జడివాన, నీటి నిల్వ వల్ల సోకే నారుకుళ్ళు తెగులు, రసం పీల్చే పురుగులు. కాబట్టి రక్షణ సూత్రాన్ని నిలుపుకొని, కప్పును మార్చుకోవాలి.

మడిని 15 సెంటీమీటర్ల ఎత్తున, మీటరు వెడల్పున చేసి చుట్టూ కాలువ తీయాలి. ఈ వెడల్పు వల్ల మడిని తొక్కకుండానే ఇరువైపుల నుంచీ కలుపు తీయవచ్చు. వెదురు బద్దలను విల్లులా వంచి నాటి, సన్నని కన్నుల నైలాన్ వల కప్పి, అంచులను మట్టితో మూయాలి. జడివానలో మాత్రమే వలపై పాలిథిన్ పరచి, వాన వెలిసిన వెంటనే తీసివేయాలి. మిరప నారు సుమారు ఆరు వారాలకు నాటుకు వస్తుంది. నాటడానికి వారం ముందు నుంచి నీరు తగ్గించి నారును గట్టిపరచాలి.

4. పదౌచిత్యం
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు చెందినది. రైతుల వ్యవహారం నుంచే పదాలను గ్రహించాలన్న దృష్టికి అది ఆధారం. ‘నారుమడి’ అనే మాట రైతుకు సుపరిచితం. తెలంగాణ వ్యవహారంలో ‘తుకం’ కూడా ఉంది. కనుక చలి దేశపు సాధనాన్ని ‘అద్దపు నారుపెట్టె’ అని, వరంగల్‌కు తగిన రూపాన్ని ‘వల నారుమడి’ అని వ్యవహరించడం ఉచితం.

5. ముగింపు
సాంకేతిక పదం వస్తువు పనిని చెప్పాలి. ‘శీతల చట్రం’ అన్న పేరును నమ్మి ఎండాకాలంలో నారుపై అద్దం మూసిన రైతు ఒక్క మధ్యాహ్నంలోనే దానిని పోగొట్టుకుంటాడు. అనువాదకుని పొరపాటుకు మూల్యం చెల్లించేది పొలమే.