నడివయస్సులో మళ్ళీ చదువు: మన ఇళ్ళు సిద్ధమేనా?

విజయవాడ నుండి హైదరాబాదు వైపు జాతీయ రహదారిపై బయలుదేరితే దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో నందిగామ, మరో 30 కిలోమీటర్లు దాటితే జగ్గయ్యపేట వస్తాయి. 2022 ఏప్రిల్ 4 నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినప్పటికీ, జనం నోట ఇది నేటికీ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. మిరప, పత్తి, సిమెంటు కర్మాగారాలు, రహదారి వెంట వాహన మరమ్మతు షెడ్లు ఇక్కడి జీవనాధారాలు. వీటన్నింటిలోనూ మన కుటుంబాలు ఉన్నాయి. మన పిల్లల చదువులు సగంలో నిలిచిపోవడానికి కారణాలు కూడా చాలావరకు ఇక్కడే ఉన్నాయి.

ఏడవ తరగతిలో ఉన్న కుర్రవాడిని "వేసవి సెలవులే కదా" అంటూ షెడ్డులో పనికి కుదురుస్తారు. సెలవులు ముగుస్తాయి గాని పని ముగియదు. చేతికి నాలుగు రూపాయలు వచ్చిన పిల్లవాడిని తిరిగి బడికి పంపడం ఏ తండ్రికీ సులువు కాదు. ఆడపిల్ల సంగతి వేరు. ఊళ్ళో ఉన్న బడి ముగిసి, పై తరగతికి ఆటో ఎక్కవలసి వచ్చిన రోజున ఆమె చదువు ముగుస్తుంది. తర్వాత మంచి సంబంధం వస్తుంది. పుస్తకాలు అటకెక్కుతాయి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక 6 నుండి 14 ఏళ్ళ లోపు ముస్లిం బాలబాలికల్లో సుమారు నాలుగింట ఒక వంతు మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ నాటి బాలబాలికలే నేటి తల్లిదండ్రులు. ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచింది వారి పిల్లల గురించి కాదు, వారి గురించే.

వారికి చదువు ఎందుకు అవసరమైంది? జ్ఞానతృష్ణ అని గంభీరంగా చెప్పవచ్చు గాని, నిజం మరింత నేలబారుగా ఉంటుంది. గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్ళదలచిన వ్యక్తికి పదవ తరగతి ఉత్తీర్ణత ఉంటే అతని పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి ముద్ర అవసరం ఉండదు. లేకపోతే ఆ ముద్ర కోసం ఏజెంటు చుట్టూ తిరగాలి, అతడు అడిగినంత ఇవ్వాలి. ఒక్క ధ్రువపత్రం లేనందుకు చెల్లించే మూల్యం అది. ఇక స్త్రీల విషయానికి వస్తే, అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి అభ్యర్థిని వివాహిత అయి ఉండాలి, ఆ ఊరి నివాసి అయి ఉండాలి, పదవ తరగతి ఉత్తీర్ణురాలై ఉండాలి, వయస్సు 35 సంవత్సరాలు దాటి ఉండరాదు. ఇల్లు దాటి దూరం పోనవసరం లేని ఉద్యోగం. మన ఇళ్ళలో మొదటి రెండు అర్హతలూ ఉన్న స్త్రీలు వీధికి పదిమంది. మూడవ అర్హత దగ్గర అందరూ ఆగిపోతారు. నాలుగవది వేచి ఉండదు. భర్త మరణించిన తర్వాతనో, విడాకులైన తర్వాతనో ఈ లెక్క గుర్తుకు వస్తే అప్పటికి సమయం మించిపోతుంది.

"ఈ వయస్సులో చదువేమిటి?" అనే ప్రశ్నను మన సమాజంలో వినయంగా, ఎగతాళిగా, ఒక్కొక్కసారి ధర్మం పేరిట కూడా అడుగుతారు. ధర్మం పేరిట అడిగేవారికి ముందుగా సమాధానం చెప్పవలసి ఉంది. యువకులు నాయకత్వ బాధ్యత చేపట్టక మునుపే విద్య నేర్చుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) హితవు పలికారు. ఈ మాటను తన హదీసు గ్రంథంలోని జ్ఞానాధ్యాయంలో చేర్చిన ఇమామ్ బుఖారీ (రహ్మ), చదువుకు ఒక వయస్సు దాటితే ద్వారం మూసుకుపోతుందని ఎవరైనా అపార్థం చేసుకుంటారేమోనని కాబోలు, దైవప్రవక్త (స) సహచరులు పెద్ద వయస్సులోనే విద్య నేర్చారని వెంటనే గుర్తుచేశారు. ఆలోచించి చూస్తే ఆ మొదటి తరమంతా నడివయస్సు విద్యార్థులే. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన బందీలలో అక్షరం తెలిసిన కొందరికి, మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పడమే విడుదల మూల్యంగా నిర్ణయించిన సంగతి మనకు తెలిసిందే. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కి రాత నేర్పారు. స్త్రీకి స్త్రీయే గురువుగా ఉండే ఏర్పాటు ఆనాడే ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో ఖురాసాన్‌లోని మర్వ్ నగరంలో ఒక తాళాల పనివాడు ఉండేవాడు. గింజంత బరువున్న తాళం, దానికి తాళపుచెవి చేయగల నేర్పరి. ముప్పై ఏళ్ళ వయస్సులో ఆ పని విడిచి ధర్మశాస్త్ర విద్యకు కూర్చున్నాడు. హిజ్రీ 417లో ఆయన మరణించే నాటికి ఖురాసాన్‌లోని షాఫియీ పండితులకు ఆయనే పెద్ద దిక్కు. చరిత్ర ఆయనను నేటికీ అల్ ఖఫ్ఫాల్ అనే, అంటే తాళాలవాడనే పిలుస్తుంది. షెడ్డులో రెంచి పట్టిన మన యువకుడికి ఈ కథ ఎవరూ చెప్పలేదంటే లోపం ఆ యువకుడిది కాదు.

తెలుగునాట ఈ విషయానికి మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో జన్మించారు. బాల్యంలోనే వివాహమైంది, తర్వాత ఆ బంధం నుండి వైదొలిగారు. బడి చదువును చిన్ననాడే వదిలేశారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలను, బురఖా ధరించే ముస్లిం స్త్రీలను ఆయనతో కలిపించే సభ కోసం పట్టుబట్టి సాధించిన పన్నెండేళ్ళ బాలిక ఈమే. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలు పాలయ్యారు. లోపల తోటి ఖైదీలైన నిరక్షరాస్య స్త్రీలు తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలియక శిక్ష అనుభవిస్తుండటం చూశారు. జైలు జీవితం ముగిసే నాటికి ఆమె వయస్సు 24. తోటివారు పిల్లల్ని బడికి పంపుతున్న ఆ వయస్సులో ఆమె బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రయివేటుగా చదివారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా. నాలుగేళ్ళకు రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు.

మాకు ముఖ్యంగా తోచేది ఆమె సాధించిన పదవులు కావు. తాను దాటిన దారిని ఆమె ఇతరులకు బాటగా మార్చిన తీరు. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళ పనుల్లో ప్రధానమైనది, చదువు ఆగిపోయిన స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైన తర్వాత, 1958లో ఆ అనుభవాన్నే వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా పథకంగా దేశమంతటా ప్రవేశపెట్టారు. వితంతువులు, భర్త విడిచిన స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు సిద్ధమై ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా కుదురుకున్నారు. అంటే నడివయస్సు చదువు మనకేమీ దిగుమతి సరుకు కాదు.

నందిగామకూ ఇందులో చిన్న వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి సభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు పుట్టిన ఊరు ఇదే. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని నడిపిన పెద్దలలో ఆయన ఒకరు. బడికి వెళ్ళని పెద్దవాడి దగ్గరకు పుస్తకం వెళ్ళాలన్నది ఆ ఉద్యమ సంకల్పం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మెట్టకు ఆ పడవ రాలేదు. మనకు పడవ కాలువలు లేవు మరి.

అయితే నేడు పుస్తకం కోసం పడవకు ఎదురుచూడవలసిన పని లేదు. 1982 ఆగస్టు 26న హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలోనే మొదటిది అది. తర్వాత దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. పాఠశాల స్థాయిలో 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల, 1991లో మన రాష్ట్ర సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) వచ్చాయి. 1998లో ఉర్దూ మాధ్యమంలో చదివేవారి కోసం హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది.

ఓపెన్ స్కూల్ పద్ధతి గురించి మన ఇళ్ళలో సగం సగం వార్తలే ప్రచారంలో ఉన్నాయి గనుక కొంత వివరంగా చెప్పడం అవసరం. పదవ తరగతికి 14 ఏళ్ళు నిండితే చాలు, ఇంటర్మీడియట్‌కు 15. పై వయస్సుకు పరిమితి లేదు. పదవ తరగతికి అయిదు సబ్జెక్టులు. అయిదూ ఒకేసారి ఉత్తీర్ణం కానక్కరలేదు. ఒకసారి చేరితే అయిదేళ్ళ కాలంలో 9 పర్యాయాలు పరీక్ష రాసుకోవచ్చు, ఉత్తీర్ణమైన సబ్జెక్టు ఆ కాలమంతా లెక్కలో ఉంటుంది. తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయవచ్చు. తరగతులు సెలవు రోజుల్లో జరుగుతాయి. లెక్కలంటే భయపడి బడి మానేసినవారికి శుభవార్త, ఇక్కడ గణితం తప్పనిసరి కాదు. గృహవిజ్ఞానం, వాణిజ్యం, మనస్తత్వశాస్త్రం వంటివి ఎంచుకోవచ్చు. కాని ఒక హెచ్చరిక. రేపు పాలిటెక్నిక్‌కు వెళ్ళాలన్న ఆశ ఉన్న యువకుడు గణితాన్ని వదలకూడదు, ఆ ప్రవేశానికి పదవ తరగతిలో గణితం చదివి ఉండాలి. సులువుగా ఉంటుందని స్నేహితుడు చెప్పిన సబ్జెక్టులు పెట్టుకుని తర్వాత విచారించడం కంటే, దేనికోసం చదువుతున్నామో ముందే నిర్ణయించుకోవడం మంచిది. మదరసాలో హాఫిజ్ అయిన మన పిల్లలకు కూడా ఇదే దారి. ఖుర్‌ఆన్ అంతటినీ గుండెల్లో నిలుపుకున్న యువకుడికి అయిదు పాఠ్యపుస్తకాలు భారమవుతాయంటే మేము నమ్మము.

అసలు చిక్కు పుస్తకాల దగ్గర కాదు, కాగితాల దగ్గర వస్తుంది. "షేక్" అనే రెండక్షరాలను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసే ఊళ్ళు మనవి. పాత బడి రికార్డులో ఒక రకం, ఆధార్‌లో మరొక రకం, రేషన్ కార్డులో పేరు చివర "బీ", నికాహ్ పత్రంలో "బేగం". పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కరలేదు, బడిలో చేర్చిన పంతులుగారు ఊహించి వేసిందే చాలామందికి జన్మదినం. పదవ తరగతి ధ్రువపత్రంలో పడిన పేరు, తేదీయే ఇక జీవితాంతం ప్రమాణం. దరఖాస్తు చేయక ముందే అన్నింటినీ ఒక్కటి చేసుకోవాలి. కుల ధ్రువీకరణ విషయంలోనూ అంతే. 2007 నాటి చట్టం ప్రకారం బి.సి.-ఇ పరిధిలోకి వచ్చే వర్గాలు వేరు, బి.సి.-బి జాబితాలో ఉన్న దూదేకుల, నూర్‌బాషా సోదరులు వేరు. పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని గోడలపై ప్రకటనలు అంటించేవారి జోలికి మాత్రం పోవద్దు. అది మోసమే కాదు, మన ధర్మం ప్రకారం అబద్ధపు సాక్ష్యం కూడా. పైగా విదేశంలో ఆ కాగితం పరిశీలనకు వెళ్ళిన రోజున పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

కాగితాల తర్వాత వచ్చే చిక్కు సమయం. ఇది పురుషుల కోసం రాస్తున్నాము. పదవ తరగతి చదువుతున్న కూతురి కోసం ఇంట్లో టీవీ ఆపుతారు, బంధువులను రావద్దంటారు, పాలు కాచి ఇస్తారు. అదే పరీక్షకు చదువుతున్న ఆమె తల్లికి ఈ మర్యాదల్లో ఒక్కటీ దక్కదు. ఆమె పుస్తకం తెరవాలంటే అందరూ పడుకోవాలి. అప్పటికి ఆమెకు కళ్ళు మూతపడతాయి. "చదువుకో, నేనేమైనా వద్దన్నానా?" అనే భర్తను మేము సహాయకుడిగా లెక్కించలేము. రోజుకు ఒక గంట వంటిల్లు, పిల్లలు, అత్తగారి మందులు చూసుకునేవాడే సహాయకుడు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో భార్యలకు తోడ్పడేవారని జుమా ప్రసంగంలో విన్నప్పుడు తలలు ఊపినవారమే మనం.

అక్షరం వచ్చిన స్త్రీ ఇంటి మాట వినదని భయపడేవారూ ఉన్నారు. ఆ భయానికి ఒక ఆధారం ఉందని ఒప్పుకుందాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990 తర్వాతి అక్షరాస్యతా తరగతుల్లో సారాకు బలైన కుటుంబం గురించిన సీతమ్మ కథ పాఠం చదివిన స్త్రీలు, తమ ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించే దాకా నిద్రపోలేదు. వర్ధినేని రోశమ్మ వంటి గ్రామీణ స్త్రీలు ముందు నడిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్య నిషేధానికీ దారితీసింది. ఇంటి మాట వినకపోవడమంటే ఇదే అయితే, మత్తును నిషిద్ధంగా భావించే మనం సంతోషించవలసిందే.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక ప్రతిపాదన. పిల్లల మక్తబ్ ముగిసిన తర్వాత ఆ గదులు, ఆ చాపలు, ఆ బల్బులు ఖాళీగానే ఉంటాయి. స్త్రీలకు మధ్యాహ్నం జుహ్ర్, అస్ర్ నమాజుల మధ్య వేళ ఒక గంట, పనివారికి ఇషా తర్వాత ఒక గంట కేటాయించవచ్చు. మన ఊళ్ళలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న కోడళ్ళు ఉన్నారు, బోధించమంటే కాదనరు. పరీక్ష రుసుము దగ్గర ఆగిపోయే నిరుపేదల విషయంలో జకాత్ సొమ్ము వినియోగం గురించి స్థానిక ఉలమాను సంప్రదించవచ్చు.

తేదీల విషయం కూడా ముందే చూసుకోవాలి. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ సంవత్సరాల్లో అది ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. మిరప కోతలూ అప్పుడే ముమ్మరం, ఆ కూలి డబ్బుతోనే చాలా ఇళ్ళలో పండుగ బట్టలు. వార్షిక పరీక్షల కాలమూ అదే. ఈ మూడూ మీద పడిన తల్లి అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని పట్టుబట్టనవసరం లేదు. ఆ విడతలో తెలుగు, గృహవిజ్ఞానం రాసి, మిగిలిన మూడూ కళ్ళాలు ఖాళీ అయిన తర్వాత వచ్చే రెండో విడతకు ఉంచుకోవచ్చు.