నేచురల్ డియోడరెంట్: చెమట వాసనకు ఇంట్లోనే చెక్.. బేకింగ్ సోడాతో మాత్రం జాగ్రత్త!

ఎండాకాలం వచ్చిందంటే చాలు.. ఆర్టీసీ బస్సెక్కినా, ఆఫీసులో లిఫ్ట్ ఎక్కినా చెమట వాసనతో ఇబ్బందే. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని బస్సులో చెయ్యి పైకెత్తి రాడ్ పట్టుకోవడానికి కూడా కొందరు మొహమాటపడుతుంటారు. డియోడరెంట్ కొందామంటే ఆ ఘాటైన సెంటు అందరికీ పడదు. అందుకే చాలామంది ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారు. కానీ సోషల్ మీడియాలో కనిపించే చిట్కాలన్నీ చర్మానికి మంచివి కావు. మరి ఏది వాడొచ్చు? ఏది వాడకూడదు?

అసలు వాసన ఎందుకొస్తుంది?

నిజానికి అప్పుడే పట్టిన చెమటకు పెద్దగా వాసన ఉండదు. చంకల్లోని అపోక్రైన్ గ్రంథుల నుంచి వచ్చే చెమటలో కొవ్వులు, ప్రొటీన్లు ఉంటాయి. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా వాటిని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. ఈ గ్రంథులు యుక్తవయసులో పనిచేయడం మొదలుపెడతాయి. చిన్నపిల్లలు ఎంత ఆడి చెమటలు పట్టినా పెద్దవాళ్లలా వాసన రాకపోవడానికి కారణం ఇదే.

ఇంకో విషయం. డియోడరెంట్ వాసనను తగ్గిస్తుంది, యాంటీపెర్‌స్పిరెంట్ చెమటనే తగ్గిస్తుంది. ఇంట్లో చేసుకునేది మొదటి రకం. కాబట్టి అది రాసుకున్నా చెమట పడుతుంది.. వాసన మాత్రం తగ్గుతుంది.

తయారీ ఇలా..

కొబ్బరినూనె 3 టేబుల్ స్పూన్లు, కార్న్‌ఫ్లోర్ 3 టేబుల్ స్పూన్లు, బేకింగ్ సోడా 1 టీస్పూన్ తీసుకోవాలి. ఉండలు లేకుండా బాగా కలిపి, తడి లేని గాజు సీసాలో పెట్టుకోవాలి. కార్న్‌ఫ్లోర్ తడిని పీల్చుకుంటుంది. కొబ్బరినూనెలోని లారిక్ యాసిడ్‌కు కొన్ని రకాల బ్యాక్టీరియాను అడ్డుకునే గుణం ఉంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరిగిపోతుంది. మన దగ్గర ఎండాకాలంలో ఇది పేస్టులా నిలవదు, పిండి అడుగుకు చేరుతుంది. అందుకే సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. లేదా వేడినీళ్ల గిన్నెలో ఉంచి 1 టీస్పూన్ తేనె మైనం కరిగించి కలుపుకుంటే గట్టిగా ఉంటుంది. స్నానం చేసి, చంకలు పూర్తిగా ఆరాక శనగగింజంత రాసుకుంటే చాలు. ఎక్కువ రాస్తే బట్టలకు నూనె మరకలు పడతాయి.

బేకింగ్ సోడాతో జాగ్రత్త

ఆరోగ్యంగా ఉన్న చర్మానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. దాని పీహెచ్ సాధారణంగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. బేకింగ్ సోడా పీహెచ్ 8 పైనే. రోజూ ఎక్కువగా రాస్తే మంట, దురద, ఎర్రటి దద్దుర్లు రావొచ్చు. షేవింగ్ చేసిన వెంటనే అసలే రాయకూడదు. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి 24 గంటలు చూడాలి. మంట పుడితే బేకింగ్ సోడా మానేసి మిగతా రెండింటితోనే చేసుకోవచ్చు. నిమ్మరసం నేరుగా రాయడం కూడా మంచిది కాదు. నిమ్మరసం ఉన్న చర్మంపై ఎండ పడితే బొబ్బలు, నల్లమచ్చలు వచ్చే ప్రమాదం ఉంది.

పటిక సంగతేంటి?

సెలూన్‌లో షేవింగ్ తర్వాత రుద్దే పటిక కూడా వాసనకు బాగానే పనిచేస్తుంది. స్నానం అయ్యాక పటిక రాయిని తడిపి చంకల్లో రెండుసార్లు రుద్దుకుంటే సరిపోతుంది. అయితే అల్యూమినియం భయంతో మార్కెట్ డియోడరెంట్లు మానేసి పటికకు మారేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పటిక కూడా అల్యూమినియం లవణమే! అల్యూమినియం ఉన్న యాంటీపెర్‌స్పిరెంట్లకు, రొమ్ము క్యాన్సర్‌కు స్పష్టమైన సంబంధం ఏదీ తేలలేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది.

డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి?

రోజూ స్నానం, ఉతికిన కాటన్ బట్టలు.. ఇవి లేకుండా ఏ డియోడరెంట్ రాసినా ఫలితం అంతంతమాత్రమే. పాలిస్టర్ బట్టల్లో వాసన ఎక్కువగా నిలిచిపోతుంది. ఇవన్నీ పాటించినా ఉన్నట్టుండి చెమట బాగా పెరిగినా, వాసన మారినా ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోవద్దు. రాత్రిపూట పక్క తడిసేలా చెమటలు పడుతూ జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవాలి.