మూడు గొంతుల కచేరి

బళ్లారి కౌల్ బజార్ పేరులోనే ఒక మాట ఉంది. ‘కౌలు’ అరబ్బీ ‘ఖౌల్’ నుంచి వచ్చింది. నోటితో పలికిన పలుకు అని దానికి అర్థం. ఆ పలుకే ఒప్పందమై మన పొలాల్లో కౌలు అయింది, దర్గాల ముందు పాటై ఖవ్వాలీ అయింది. ఒకప్పటి కంటోన్మెంటును ఆనుకొని పెరిగిన పేట ఇది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఇక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి.

నోటి పలుకుతోనే బతికిన ఒక పాటల జట్టు ఈ జిల్లాలోనే పుట్టింది. బళ్లారి నుంచి హొసపేట వెళ్లే రైలు దారిలో దరోజి అనే ఊరుంది. చాలామందికి ఆ ఊరంటే ఎలుగుబంట్ల అభయారణ్యమే గుర్తొస్తుంది. జానపదం తెలిసినవాళ్లకు మాత్రం గుర్తొచ్చేది ఈరమ్మ, బుర్రకథ ఈరమ్మ. తోడుగా తోబుట్టువు శివమ్మ, వదినామరదళ్ల వరసైన పార్వతమ్మ. ముగ్గురూ ఆడవాళ్లే, ఒకే ఇంటివాళ్లే. ఈరమ్మ చదవనూ లేరు, రాయనూ లేరు. విద్య తండ్రి దగ్గర అబ్బింది. అయినా పన్నెండు దాకా జానపద మహాకావ్యాలు ఆమె నాలుక మీద ఉండేవి. కుమారరాముడి కథ, బాలనాగమ్మ కథ, బబ్బులి నాగిరెడ్డి కథ, జయసింగరాజు కథ ఆ మూటలోవే.

ఇన్ని వేల పాదాలు ఒక మనిషికి ఎలా గుర్తుంటాయి? ఆ రహస్యం కొంత ఆమె తలలో, మిగతాది జట్టు కూర్పులో ఉంది. బుర్రకథలో కథ చెప్పేవారి భుజాన తంబూరా, అదే ‘బుర్ర’. వేళ్లకు తొడిగిన అందెలు తాళం వేస్తాయి. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకురాలు ఒక పాదం అంటారు, వంతలు ‘తందానా’ అని అందుకుంటారు. అంతలో ఊపిరి తీసుకోవడానికి, వచ్చే పాదం నోటికి తెచ్చుకోవడానికి ఆమెకు సమయం చిక్కుతుంది. యుద్ధానికి వెళ్లే వీరుణ్ని సింగారించడం, తల్లి ఏడుపు, గుర్రం పరుగు వంటి ఘట్టాలకు స్థిరపడిన పలుకుబళ్లు ఉంటాయి. వాటిని సందర్భాన్ని బట్టి పొడిగిస్తారు, కుదిస్తారు. తెల్లవార్లూ వినే ఊరికి ఒక కొలత, సందెవేళ వాకిట నిలబడి వినే ఇల్లాలికి ఇంకో కొలత.

ప్రపంచం ఈ విద్యను గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1935లో అమెరికా పండితుడు మిల్‌మన్ పారీ యుగోస్లావియా కొండల్లో తిరుగుతూ అవ్దో మెజెదోవిచ్ అనే చదువురాని గాయకుడి చేత 12,000 పాదాలకు పైబడిన కావ్యాన్ని చెప్పించుకున్నాడు. పారీ శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ఒక పుస్తకం రాసి, ఇలాంటి గాయకులు బట్టీ పట్టి అప్పజెప్పరనీ, పాడుతూనే కావ్యాన్ని కడతారనీ వాదించాడు. ప్రాచీన గ్రీకు కవి హోమర్‌ను చదివే తీరే దాంతో మారిపోయింది. దరోజి వాకిళ్లలో ఆ పని రోజువారీ భృతికోసం జరిగేది.

భృతి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈరమ్మది బుడగ జంగాల కుటుంబం. ఆ కులం ఇంట తెలుగు మాట్లాడుతుంది. ఊరూరా తిరిగి కథ చెప్పి, చేటలో పోసిన గింజలతో పొయ్యి వెలిగించుకునేది. కథ విన్న ఊరే ఆ కథకురాలిని యాచకుల వరసలో నిలబెట్టింది. ఇదే బళ్లారి పట్నంలో 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ అనే నాటక సంస్థను స్థాపించారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ నటనకు దేశమంతా చప్పట్లు కొట్టింది. రాఘవ పేరిట తపాలా బిళ్ల వచ్చింది, ఊళ్లో కళామందిరమూ వెలిసింది. అవన్నీ న్యాయమైన గౌరవాలే. కాని వకీళ్లైన ఆ ఇద్దరి రంగస్థలానికి దొరికిన చరిత్ర, వీధిలో నిలబడి పాడిన ఈ ఆడవాళ్లకు ఎంతో ఆలస్యంగా దొరికింది.

వీళ్ల కథల్లో ముందు చెప్పుకోవలసింది కుమారరాముడిది. అతను కుమ్మటదుర్గం ఏలిన కంపిలిరాయడి కొడుకు. 1327 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ సేనల ముందు ఆ రాజ్యం కూలిపోయింది. కంపిలి ఈ జిల్లాలోనే ఉంది, దరోజికి దూరమేమీ కాదు. అంటే ఈరమ్మ పాడింది పక్క ఊరి చావుబతుకుల కథ. దాదాపు ఏడు వందల ఏళ్లు నోటినుంచి నోటికి నడిచి వచ్చిన కథ.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. పాట మాత్రం చీలలేదు. ఈరమ్మ జట్టు ఇంటి భాష తెలుగు, కచేరి భాష కన్నడం. అటుపక్క ఇదే తంబూరాను వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి భుజానికెత్తుకుంది. అందులోని బుర్రకథకుడు షేక్ నాజర్ 1986లో పద్మశ్రీ అందుకున్నారు. 1940లలో మోటూరి ఉదయం వంటివాళ్లు మహిళా దళం కట్టి వేదికెక్కడం కోస్తాలో సంచలనమైంది. దరోజి ఆడవాళ్లకు అది సంచలనం కాదు, కులవృత్తి.

ఈరమ్మకు గౌరవాలు చివరికి వచ్చాయి. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ ప్రశస్తి, తరవాత హంపి కన్నడ విశ్వవిద్యాలయం నుంచి నాడోజ, ప్రభుత్వం నుంచి జానపదశ్రీ. వీటన్నిటికంటే పెద్ద పని, ఆ విశ్వవిద్యాలయం ఆమె పాడిన కావ్యాలను రాయించి అచ్చువేయడం. అక్షరం రాని మనిషి పాట విశ్వవిద్యాలయ గ్రంథమైంది. అయితే అచ్చులో పాదాలుంటాయి, గుమ్మెట ఉండదు. శివమ్మ, పార్వతమ్మ అందుకున్న చోటు ఉండదు. వంత లేని బుర్రకథ సగం కథే.

ఈరమ్మ 2014 ఆగస్టు 12న, ఎనభై దాటిన వయసులో కన్నుమూశారు.

కౌల్ బజార్‌లోనైనా, ఆదోనిలోనైనా, మీ ఊరి రచ్చబండ దగ్గరైనా బుర్రకథ జట్టు కనిపిస్తే ఓ గంట కూర్చోండి. చేతిలో ఫోను ఉంది కదా, కథను మొదటినుంచి చివరిదాకా రికార్డు చేయండి. కథకురాలి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చారో అడిగి రాసుకోండి. వంతల పేర్లు కూడా.