గదాయుద్ధమును చూచిన బాలురు

చిత్తూరు సీమలో ధర్మరాజుల ఆలయములు అనేకములు గలవు. 2022లో విడివడిన నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాలు రెండింటను ఈ ఆలయములయొద్ద భారత ఉత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి నాటకము. కడపట దుర్యోధన వధ. ఆరుబయట మట్టితో తీర్చిన దుర్యోధనుని మహాకాయము చుట్టును ఇరువురు వేషధారులు గదలెత్తి తిరుగుదురు. భీముని గద ఆ బొమ్మ తొడపై పడినంతనే జనము కేకలు వేయును. ద్రౌపది జుట్టు ముడివేసికొనును.

మఱునాడు వీధులలో బాలురందఱును భీములే. దుర్యోధనుడగుటకు ఎవడును ఒప్పుకొనడు. తుదకు ఆ పాత్ర అందఱిలో చిన్నవానికి దక్కును.

టెలివిజనులో కుస్తీలను చూచు పిల్లలును ఇట్లే ఆడుదురు. అమెరికాలో ప్రసిద్ధికెక్కిన అట్టి కుస్తీలు నిజమైన పోటీలు కావనియు, వినోద ప్రదర్శనములనియు 1989లో వానిని నడుపువారే న్యూజెర్సీ రాష్ట్రములో ఒప్పుకొనిరి. అంతమాత్రమున అవి సులభములు కావు. పడువాడు పడుటను ఏండ్ల తరబడి అభ్యసించినవాడు. ఎత్తినవాడు వానిని కాపాడుచునే క్రిందికి విడుచును. ఈ జాగ్రత్త ప్రేక్షకుని కంటబడకుండుటయే వారి నేర్పు. నట్టింటి గచ్చుపై తమ్ముని ఎత్తివేయు అన్న చూచినది విసురు మాత్రమే. వెన్నెముకకు తగిలిన దెబ్బ ఒక్కొక్కప్పుడు జన్మాంతము మంచము పట్టించును. ఇంట ప్రయత్నింపవలదని ఆ ప్రదర్శకులే హెచ్చరించుట ఇందుకే.

నిజమైన పోటీల సంగతి వేఱు. 1964లో టోక్యో ఒలింపిక్సులో చేరిన జూడోను చూడుడు. దానిని నేర్చువాడు ఎదుటివానిని పడవేయుటకు ముందు, తాను దెబ్బ తగులకుండ పడుట నేర్చును. చేయి మెలిపెట్టబడినవాడు అరచేతితో రెండుమార్లు తట్టినచో ఓటమి ఒప్పుకొన్నట్లే. పట్టినవాడు తత్‌క్షణమే విడువవలెను. ఈ నియమము తెలిసి చూచువానికి పట్టు ఎంత గొప్పగా కనబడునో, ఆ విడుపు కూడ అంత గొప్పగా కనబడును. తెలియనివాడు పట్టునే నేర్చుకొని పోవును.

మన భారతకథలోను అట్టి నియమమొకటి కలదు. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదు. నిండుసభలో ద్రౌపదికి తొడ చూపినవాని తొడనే విఱిచెదనని భీముడు ప్రతిన పూనియుండెను. ప్రతిన నెగ్గెను, నియమము తప్పెను. ఇరువురకును గద నేర్పిన గురువు బలరాముడు. ఆయన నాగలి ఎత్తి భీమునిపైకి పోగా కృష్ణుడు పట్టి ఆపెను. ఎంత చెప్పినను ఆయన మనసు కుదుటపడలేదు. కోపముతోనే ద్వారకకు వెడలిపోయెను.

హరికథలో ఈ ఘట్టము వచ్చునప్పటికి, రాత్రి నాటకమునకు ముందువరుసలో చోటు చూచుకొనుటకై బాలురు చాలమంది లేచిపోయి యుందురు.