టక్ మంటే బిగిసినట్టేనా? హెడ్ బోల్టుల సంగతి మీకు తెలుసా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు మరపడవల ఇంజన్ హెడ్డు విప్పి చూసుకోవడానికి తీరిక దొరికేది అప్పుడే. విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించడంలోనే ఉంది కిటుకంతా.

● సిలిండర్ అడ్డుకొలత 10 సెంటీమీటర్లు, లోపలి పేలుడు పీడనం చదరపు సెంటీమీటరుకు 80 కిలోలు అనుకోండి. హెడ్డును పైకి తన్నే బలం 6 టన్నులు దాటుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు ఆ తన్ను నిమిషానికి 750 సార్లు. దాన్ని ఆపేది హెడ్డును పట్టి ఉంచే బోల్టులే.

● బోల్టు పట్టు సాగడంలో ఉంది. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగి, రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతూ హెడ్డును అదిమి పడుతుంది. అయితే మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం మరల రాపిడి తినేస్తుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదోవంతే!

● ఉప్పుగాలి దెబ్బ ఇక్కడే తెలుస్తుంది. మరల్లో తుప్పుంటే రాపిడి పెరుగుతుంది. టార్క్ రెంచ్ చెప్పిన అంకె దగ్గరే టక్ మంటుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. రెంచ్ కొలిచేది తిప్పే బలాన్ని, అదిమే బలాన్ని కాదు. అందుకే వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేశాకే బిగించాలి. మాన్యువల్ నూనె రాయమంటేనే రాయాలి. పొడి మరలకు ఇచ్చిన టార్క్‌నే నూనె రాసి పెడితే బోల్టు హద్దు మించి సాగుతుంది. బోల్టు గుంత అడుగున నూనో నీళ్లో నిలిచి ఉంటే ఇంకా ప్రమాదం: దిగే బోల్టు ఆ ద్రవాన్ని నొక్కి ఏకంగా బ్లాకునే పగలగొట్టగలదు.

● బిగించే వరస తయారీదారు చెప్పిందే. మామూలుగా మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో. నాలుగు బోల్టుల హెడ్డయితే ఎదురెదురు మూలలు. విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకు. రెండూ ఇంజన్ చల్లారాకే.

● కొన్ని కొత్త ఇంజన్లకు టార్క్ పెట్టాక ఇంకో 90 డిగ్రీలు తిప్పమని ఉంటుంది. ఆ రకం బోల్టులు శాశ్వతంగా సాగిపోతాయి కాబట్టి చాలావాటిని మళ్లీ వాడకూడదు. పాతవి బాగానే ఉన్నాయిలే అని పెట్టేయడం పిసినారితనమే.

● టార్క్ రెంచ్ పుట్టింది ఇంజన్ల కోసం కాదు. 1918లో న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్, భూమిలోని పైపుల బోల్టులు అతిగా బిగియకుండా దాన్ని తయారుచేశాడు.

● ఈ జాగ్రత్త పడవలకే కాదు. రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. అప్పుడు కరెంటు పోతే ఏరియేటర్లకు దిక్కు డీజిల్ జనరేటరే. దాని హెడ్డు కింది గ్యాస్కెట్ పోతుంటే ముందే తెలుస్తుంది: నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు, డిప్‌స్టిక్‌కు కాఫీరంగు నురగ.

ఈసారి హెడ్డు ఎక్కించే రోజున మెకానిక్ పక్కన నిలబడి ఒక్కటే అడగండి: "టార్క్ ఎంత పెడుతున్నావన్నా, అంకె మాన్యువల్లో చూశావా?" చేతి అంచనా చాలంటే, మాన్యువల్ మీరే తెచ్చి చూపించండి.