కొలరాడో కొండల్లో మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏమవుతుంది?

అమెరికాలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. జోక్ కాదు. వేసవిలో అక్కడ పొద్దున ఒక్క మబ్బు కూడా ఉండదు, మధ్యాహ్నానికి ఉరుములు, పిడుగులు మొదలవుతాయి. సుమారు 11,400 అడుగులు దాటితే చెట్లే ఉండవు. ఆ బోడికొండ మీద అన్నిటికంటే ఎత్తుగా నిలబడింది ఎవరు? మీరే! అందుకే చీకటితోనే బయల్దేరి, పన్నెండులోపు చెట్లున్న చోటికి దిగిపోవాలి.

పొద్దున్నే వెళ్తే జంతువులూ బాగా కనిపిస్తాయి. మైదానాల్లో ఎల్క్‌లు మేస్తుంటాయి, మన కణుజుకి బంధువులే. రాళ్ల సందుల్లో పికా ఉంటుంది. చూడ్డానికి ఎలుకలా ఉన్నా కుందేలుకి చుట్టం, చలికాలానికి గడ్డి దాచుకుంటుంది. నాకైతే అదే హీరో.

ఇక ఫొటోలు. ఎల్క్‌కి 75 అడుగులు, ఎలుగుబంటికి 120 అడుగుల దూరంలో ఉండాలని రూల్. టేపు ఎక్కడ తెస్తాం? చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టండి. జంతువు మొత్తం వేలి వెనక దాగితే ఓకే. కనిపిస్తోందా, మెల్లగా వెనక్కి నడవండి. సెప్టెంబర్, అక్టోబర్‌లో మగ ఎల్క్‌లు జత కోసం కొట్టుకుంటుంటాయి, అప్పుడు ఇంకాస్త దూరం. జూమ్ చాలకపోతే ఆ ఫొటో వదిలేయండి.