అబ్బాజాన్ అంబాసిడర్: బాగుచేయించాలా, విప్పి అమ్మేయాలా?

సత్తెనపల్లి: పత్తి, మిర్చి వ్యాపారం చేసిన పాత ఇళ్లలో అంబాసిడర్ ఒక గౌరవం. గుంటూరు యార్డుకు పోవాలన్నా, పెళ్లికూతుర్ని తీసుకురావాలన్నా అదే బండి. పెద్దాయన పోయాక అది పట్టా కప్పుకుని వాకిట్లో ఉండిపోతుంది. ఒక కొడుకు బాగుచేయిద్దామంటాడు, ఇంకో కొడుకు విప్పి సామాను అమ్మేద్దామంటాడు. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సినవి మూడు ఉన్నాయి: బాడీ, కాగితాలు, వాటాలు.

ముందు బాడీ. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. అన్నేళ్లలో బండి రూపం పెద్దగా మారలేదు కాబట్టి పాత సామాను ఇంకా దొరుకుతోంది. ఇంజిన్ పట్టేసిందని బండిని తుక్కు కింద లెక్కేయనక్కర్లేదు, బోరు చేయించొచ్చు, ఇంజినే మార్చొచ్చు. అసలు సమస్య తుప్పు. జీపుకున్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. కాళ్ల కింద రేకు, తలుపుల కింది పట్టీలు, డిక్కీ అడుగు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. లోపలికి దిగిపోతోందంటే టింకరింగ్ ఖర్చు చేయి దాటిపోతుంది. చిన్న చిన్న చిల్లులైతే ఆశ ఉన్నట్టే.

రెండోది కాగితాలు. పదిహేనేళ్లు దాటితే బండి తుక్కేనని చాలామంది అనుకుంటారు. ఆ గొడవ పెట్రోలు బండ్లకు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. అయితే 2025 ఆగస్టులో కేంద్రం ఫీజు పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు, పన్నులు అదనం. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. దాని ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే.

యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరు మీదకు మార్పించాలి. ఈ పని వదిలేసిన ఇళ్లే ఎక్కువ. ఆలస్యమైనా ముందు ఇది సరిచేసుకోవాలి.

మూడోది వాటాలు. బండి పెద్ద కొడుకుది కాదు, మృతుడి ఆస్తి. అప్పులు తీర్చాక మిగిలినదాంట్లో అందరికీ హక్కుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. బండి విలువ 80,000 వచ్చిందనుకుంటే అమ్మకు ఎనిమిదో వంతు 10,000. మిగతా 70,000లో కొడుకులకు 28,000 చొప్పున, కూతురికి 14,000. ఒకరు ఉంచుకుంటామంటే మిగతావాళ్ల వాటా కట్టివ్వాలి, లేదా వాళ్లు మనస్ఫూర్తిగా వదులుకోవాలి. పెళ్లయిపోయింది కదా అని చెల్లిని అడగకుండా తలుపులు విప్పి అమ్మితే అది హక్కు తినడమే.

బాగుచేయించాలంటే టింకరింగ్, పెయింటు ఒకటి, ఇంజిన్, బ్రేకులు ఒకటి, వైరింగ్, టైర్లు, సీట్లు ఒకటి, మూడు ముక్కలుగా కాగితం మీద ఎస్టిమేట్ రాయించుకోవాలి. గుంటూరులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఇంకో మేస్త్రీకి కూడా చూపించాలి. రంగు ఆఖర్న వేయించాలి. పెట్టిన డబ్బు మళ్లీ అమ్మితే రాదనే అనుకోవాలి. అది జ్ఞాపకం కోసం పెట్టే ఖర్చు, వడ్డీకి తెచ్చి చేసే పని కాదు.

విప్పి అమ్మడంలోనూ ఒక చిక్కుంది. గేర్‌బాక్సు, బంపర్లు, గ్రిల్లు తొందరగా పోతాయి, డొల్ల మిగిలిపోతుంది. బండి ఇక నడవదని తేలితే 14 రోజుల్లో చెప్పి ఆర్‌సీ రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. రద్దు కాకుండా, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే, ఆ నంబరు ఎక్కడ దొరికినా పోలీసులు మీ ఇంటికే వస్తారు. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి బండిని ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త సొంత కారు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. కాకపోతే ముఖ్యమైన భాగాలు ముందే విప్పేసుకుంటే అక్కడ వచ్చే ధర తగ్గుతుంది.

బాడీ గట్టిగా ఉండి, కాగితాలు కుదిరి, ఖర్చు భరించేవాళ్లుంటే బండి ఉంచుకోవచ్చు. అడుగు తినేసి, నడిపేవాళ్లు లేకపోతే పంపేయడమే మంచిది. ఏది చేసినా మొదటి బోల్టు విప్పకముందే అమ్మని, అక్కచెల్లెళ్లని కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి.